పాత నక్షాలు చెప్పే పట్నం కథ

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్ములను విద్యాభివృద్ధి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏటా ఈ వేదిక మీద ఆ విషయమే చెప్పుకుంటున్నాము. ఈసారి ఆ విద్యలోనే ఒక చిన్న భాగాన్ని, అందరమూ చిన్నతనంలో నేర్చి పెద్దయ్యాక మరచిపోయే భాగాన్ని తీసుకుంటాము. అదే నక్షా చదవడం. అందులోనూ పాత నక్షా, అంటే ఎప్పుడో అచ్చయి, మడతలు చిరిగి, ఎవరికీ పనికిరాదని అటక మీద పడేసిన నగర రహదారుల పటం. మీరు నవ్వుకోవచ్చు. దారి తెలియకపోతే జేబులో ఫోను ఉన్నది కదా, ఈ పాత కాగితంతో ఏం పని అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

ఫోనులోని పటం నేటి దారి చెప్తుంది. నిన్న అక్కడ ఏమున్నదో చెప్పదు. కొత్త రోడ్డు పడగానే పాత గీత చెరిగిపోతుంది. అచ్చు పటం అట్లా కాదు. అచ్చయిన రోజున పట్నం ఎట్లా ఉన్నదో అట్లాగే ఉండిపోతుంది. పదేళ్లు గడిస్తే దారి చూపడానికి పనికిరాదు గాని, సాక్ష్యం చెప్పడానికి పనికి వస్తుంది. ఒకే పట్నానికి వేర్వేరు కాలాలలో అచ్చయిన నాలుగు పటాలు పక్కపక్కన పరచి చూస్తే, ఊరు ఎటు పెరిగినది, దేనిని మింగి పెరిగినది, ఎవరిని ఎక్కడికి నెట్టినది అన్నీ కంటికి కనబడతాయి. దీనికి హైదరాబాదు కంటే మంచి ఉదాహరణ మనకు వేరే అక్కరలేదు.

మొదట పాత షహరు సంగతి చూద్దాం. మూసీ మీద పురానాపుల్ 1578లో కట్టినారు. చార్మినారు మధ్యలో పెట్టి నగరానికి పునాది వేసినది 1591లో. అంటే ఊరి కంటే వంతెనే ముందు! గోల్కొండ నుండి వచ్చే బాట కార్వాన్ మీదుగా వంతెన దాటి ఇవతలికి వస్తుంది. కార్వాన్ అంటే వర్తకుల బిడారు. పేరులోనే దారి ఉన్నది. పాత నగర పటం ఏది తీసుకున్నా మూడు సంగతులు కొట్టొచ్చినట్టు కనబడతాయి. చార్మినారు దగ్గర కలిసే నాలుగు బాటలు, ఉత్తరాన మూసీ, చుట్టూ ప్రాకారం. ఆ ప్రాకారం పద్దెనిమిదవ శతాబ్దంలో, మొదటి ఆసఫ్ జాహ్ కాలంలో పూర్తయినది. దానికి ఎన్నో దర్వాజాలు ఉండేవి. నేడు పురానాపుల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే నిలిచి ఉన్నవి. లాల్ దర్వాజా, అలియాబాద్ దర్వాజా, ఫతే దర్వాజా అని మనం రోజూ అంటాము గాని అక్కడ దర్వాజా లేదు. తలుపు పోయింది, పేరు మిగిలింది. ఆ తలుపులు ఏ మలుపులో ఉండేవో పాత పటమే చూపుతుంది.

తరువాత చూడవలసినది మూసీకి ఉత్తరపు దిక్కు. పందొమ్మిదవ శతాబ్దం మొదట్లో నది అవతల, నేటి కోఠీలో, బ్రిటిషు రెసిడెన్సీ లేచినది. తరువాతి కాలంలో ఆడపిల్లల కళాశాల నడిచిన భవనం అదే. 1806లో హుస్సేన్‌సాగర్ అవతల ఇంగ్లీషు పటాలానికి సికందరాబాదు ఏర్పడినది. ఆ కాలపు పటాలు చూస్తే ఇవి రెండు వేరు వేరు ఊళ్లు. నడుమ చెరువు, తోటలు, పొలాలు, ఖాళీ నేల. షహరులో గల్లీలు మెలికలు తిరిగి ఉంటాయి. సికందరాబాదులో వీధులు కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంటాయి. పటాలానికి కవాతు కావాలి, మొహల్లాకు నీడ కావాలి. ఎవరి అవసరం కొద్దీ వారి వీధి. 1874లో సికందరాబాదుకు రైలు వచ్చినది. 1907లో నాంపల్లి స్టేషను, 1916లో కాచిగూడ స్టేషను. పటంలో నల్ల గీత పడిన చోటల్లా తరువాతి పటంలో ఇళ్లు మూగినట్టు కనబడతాయి. స్టేషను చుట్టూ ముసాఫిర్‌ఖానా, హోటలు, గోదాము, కూలీల బస్తీ. ఊరు పెరగడమంటే ఇదే వరుస.

ఇక 1908. ఆ సంవత్సరం సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద సంగతి మన తాతలు చెప్పగా విన్న ఇళ్లు ఈ సభలోనూ ఉంటాయి. సుమారు పదిహేను వేల మంది ప్రాణాలు పోయినవి. అఫ్జల్‌గంజ్ ప్రాంతం తుడిచిపెట్టుకుపోయినది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినారు. ఆయన వచ్చి ముందు నది పరివాహక ప్రాంతమంతా లెక్క తీసినారు. నగరానికి పైన దాదాపు 800 చెరువులు ఉన్నవని, వాటిలో 200 పైచిలుకు కట్టలు ఆ వానకు తెగినవని తేల్చినారు. ఆయన సూచన మీదనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడినది. అదే కాలంలో, 1912 నుండి 1915 వరకు, లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యాన నగరమంతా కొలిచి, ఎనిమిది వందలకు పైగా తావులలో పటాలు తయారు చేసినారు. వాటినే నేడు మన్ మ్యాపులు అంటారు.

ఈ పటాలు మామూలు రోడ్ల పటాల వంటివి కావు. ఇల్లు, ప్రహరీ, బావి, మసీదు, గుడి, ఖబరస్తాన్, కుంట, నాలా అన్నీ గుర్తించినారు. ఎందుకు అంత కష్టపడ్డారు? వరదలో నష్టపోయిన ఊరిని మళ్లీ కట్టాలి. ఏది ఎక్కడ ఉన్నదో తెలియకుండా రోడ్డు వెడల్పు చేయలేరు, మురుగు కాలువ వేయలేరు. ఆ తరువాతనే పత్తర్‌గట్టి రోడ్డు రాతి దుకాణాల వరుసతో తయారైనది, మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి లేచినవి, 1935లో మొజంజాహీ మార్కెట్ వచ్చినది. అంటే ముందు నక్షా, తరువాత నగరం. మనం నేడు చేసేది తలక్రిందులు. ముందు ఇళ్లు కడతాము, తరువాత నక్షా కోసం దఫ్తర్ల చుట్టూ తిరుగుతాము.

ఇక మనకు బాగా తెలిసిన మడత పటాలకు వద్దాం. సర్వే ఆఫ్ ఇండియా వారు నగరాలకు గైడ్ మ్యాపులు అచ్చువేసేవారు. ఆ సంస్థ 1767లో మొదలైనది. మన ఉప్పల్‌లో దాని పెద్ద కేంద్రం ఉన్నది. తరువాత మద్రాసు టి.టి.కె. వారి వంటి ప్రైవేటు పటాలు, రైల్వే స్టేషను స్టాళ్లలో, బస్టాండులో దొరికే చిన్న పటాలు వచ్చినవి. ఒక పక్క రంగుల పటం, వెనుక పక్క వీధుల పేర్ల పట్టిక, అక్షరము, అంకె కలిపిన గడులు. ఇటువంటివి మీ ఇళ్లలో ఒకటో రెండో ఉండి ఉంటాయి. వాటిలో ముందు చూడవలసినది అంచులు.

1956 నవంబరు 1న హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయినది. 1960లో హైదరాబాదు, సికందరాబాదు రెండు కార్పొరేషన్లూ కలిసి ఒకటైనవి. అప్పటి వైశాల్యం సుమారు 170 చదరపు కిలోమీటర్లు. ఆనాటి పటంలో పట్నం కాగితం మధ్యలో కూర్చుని ఉంటుంది, చుట్టూ తెల్ల కాగితం. కూకట్‌పల్లి అంచున ఉండే ఒక పేరు. మాధాపూర్ కనబడితే కనబడింది, లేకుంటే లేదు. 1960ల దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., కుషాయిగూడ వైపున ఇ.సి.ఐ.ఎల్. వచ్చినవి. తరువాతి పటాలలో ఊరి నుండి ఆ కార్ఖానాల దాకా చేతివేళ్లలాగా రోడ్లు చాచుకున్నవి. వేళ్ల మధ్య సందులు ఇంకా పొలాలే. 1975లో పట్టణాభివృద్ధి సంస్థ హుడా ఏర్పడినది. పటంలో ‘ప్రతిపాదిత రోడ్డు’ అనే చుక్కల గీతలు ఎక్కువైనవి. 1998లో మాధాపూర్‌లో హైటెక్ సిటీ తెరిచినారు. 2007లో పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాదు చేసినారు. వైశాల్యం సుమారు 625 చదరపు కిలోమీటర్లు. 2008లో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు పోయినది. చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు పడినది. ఆ తరువాత కూడా హద్దులు మారుతూనే ఉన్నవి. 1901లో నాలుగున్నర లక్షలకు కొంచెం తక్కువ ఉన్న జనం 2011 లెక్కకు గ్రేటరు పరిధిలో 67 లక్షలు దాటినారు.

ఈ సంగతులు పుస్తకంలో చదివితే అంకెలు. నాలుగు పటాలు వరుసగా పరిస్తే కళ్ల ఎదుట కథ. మొదటి పటంలో చార్మినారు మధ్యలో ఉంటుంది. చివరి దానిలో దక్షిణపు మూలకు జరిగి ఉంటుంది. చార్మినారు ఎక్కడికీ పోలేదు; పట్నమే పడమరకు, ఉత్తరానికి పోయినది. కార్ఖానా ఎక్కడ, కొలువు ఎక్కడ, వెడల్పు రోడ్డు ఎక్కడ, పెద్ద ఆస్పత్రి ఎక్కడ అని వెతికితే, మన షహరు వాళ్ల బ్రతుకుదెరువు ఏటేటా ఎంత దూరమైనదో స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. మేము ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు. కొలిచి చెప్పే మాటకు, ఊరికే బాధపడి చెప్పే మాటకు తేడా ఉన్నదని చెప్తున్నాము. అర్జీ పెట్టేటప్పుడు కొలిచిన మాటే నిలబడుతుంది.

మరొకటి. పటంలో ఏమున్నదో ఎంత ముఖ్యమో, ఏమి లేదో అదీ అంతే ముఖ్యము. మేము ఏడవ తరగతి పిల్లలకు ఏటా ఒక పని ఇస్తాము. ఇంటి నుండి బడి దాకా వచ్చే దారి గీసుకొని రమ్మంటాము. వాళ్లు మసీదు గీస్తారు, ఇరానీ హోటలు గీస్తారు, పతంగుల దుకాణం, పంక్చరు దుకాణం, కుక్క ఉండే మలుపు కూడా గీస్తారు. ప్రతి పిల్లవాడి కాగితంలోనూ ఒక నాలా ఉంటుంది. తరువాత బజారులో దొరికే రోడ్ల పటం తెచ్చి ఎదురుగా పెడతాము. వాళ్ల గల్లీ ఉండదు, నాలా ఉండదు. ఆ చోట లేత పసుపు రంగు మాత్రం ఉంటుంది. “సార్, హమ్ ఇసమే కహాఁ హైఁ?” అని అడుగుతారు. మేము ఇందులో ఎక్కడున్నాము సార్ అని! ఆ ప్రశ్న మంచి ప్రశ్న. పెద్ద రోడ్లు కొలిచినవాడికి చిన్న గల్లీ కొలిచే తీరిక ఉండదు. మన గల్లీని మనమే గీసుకోవలె.

ఉర్దూ బోధించేవారము గనుక, పేర్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. పాత పటంలోని పేర్లు చదివితే నేల స్వభావం తెలుస్తుంది. బౌలి అంటే బావి. దూద్‌బౌలి, గచ్చిబౌలి. బాగ్ అంటే తోట. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి. గంజ్ అంటే ధాన్యపు బజారు. అఫ్జల్‌గంజ్. చౌకీ అంటే కాపలా ఠాణా. టోలీచౌకీ. లక్డీకాపుల్‌లో ఇప్పుడు లక్డీ లేదు, అంతా సిమెంటే. ఇటు తెలుగు పేర్లు చూడండి. పల్లి, గూడ, పేట, కుంట. పటంలో ‘పల్లి’ అని ఉన్నదంటే అక్కడ ఒకప్పుడు పల్లె ఉన్నట్టే, పట్నం దానిని కలుపుకున్నట్టే. కొన్ని పేర్లలో రెండు భాషలూ చేయి చేయి పట్టుకున్నవి. తాలాబ్‌కట్ట చూడండి, తాలాబ్ మనది, కట్ట తెలుగుది. మీర్‌జుమ్లా తాలాబ్ కట్ట అది. ఆ చెరువు నేడు లేదు. హుస్సేన్‌సాగర్‌లో హుస్సేన్ అరబీ, సాగర్ సంస్కృతం. మాసాబ్ ట్యాంక్‌లో మా సాహెబా అనే బిరుదు, పక్కనే ఇంగ్లీషు ట్యాంకు. అక్కడా ఇప్పుడు నీళ్లు లేవు. ఈ పేర్లు పెట్టినవాళ్లు పక్కపక్క ఇళ్లలో బ్రతికినవాళ్లు. పేరు మార్చినప్పుడు చాలాసార్లు ఈ గుర్తు పోతుంది. సికందరాబాదులో జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డు అయినది, సంతోషమే. కాని పాత పేరు ఏదో తెలియకపోతే పాత దస్తావేజు చదవలేము. పాత పేరు, కొత్త పేరు రెండూ చెప్పేవి వేర్వేరు ఏండ్లలో అచ్చయిన పటాలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఇప్పటివరకు చెప్పినది వినడానికి బాగుంటుంది. ఇకమీద చెప్పేది మన ఇళ్లకు, మన సంపాదనకు సంబంధించినది.

2020 అక్టోబరు 13న మన పట్నంలో కురిసిన వాన మీరెవరూ మరచిపోయి ఉండరు. బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్లు పడినది. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ మునిగినది. టోలీచౌకీలో నదీమ్ కాలనీ మునిగినది. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ మీదికి నీళ్లు వచ్చినవి. బియ్యం, బట్టలు, కుట్టుమిషన్లు, పిల్లల పుస్తకాలు, ఆడపిల్ల పెళ్లికని దాచిన సామాను అన్నీ బురద. అందరూ వానను తిట్టినారు. కాని పాత పటం ముందు పెట్టుకుని చూడండి. నదీమ్ కాలనీ పక్కన షా హాతిం తాలాబ్. అల్ జుబైల్ కాలనీకి పల్లె చెరువు. నీళ్లు కొత్త చోటికి రాలేదు. తమ పాత ఇంటికి తాము వచ్చినవి. చెరువు నుండి చెరువుకు పోయే కాలువ ఎక్కడ ఉండేదో ఆ కాగితంలో నీలి గీత ఉన్నది. ఆ గీత మీదనే మనం మూడంతస్తులు లేపినాము.

ఆ చోట ఇల్లు కొన్నవాడు ఎవరు? దుబాయిలో, జెద్దాలో పదేళ్లు చెమటోడ్చి పంపిన డబ్బుతో నూరు గజాలు కొన్నవాడు. ఆటో అమ్మి, నగలు అమ్మి అరవై గజాలు కొన్నవాడు. స్టాంపు కాగితం మీద నోటరీ చేయించుకుని అదే రిజిస్ట్రీ అనుకున్నవాడు. అమ్మినవాడు లేఅవుటు పటం చూపినాడు. దానిలో రోడ్లు ఉన్నవి, పార్కు ఉన్నది, మసీదుకు స్థలం కూడా ఉన్నది. చెరువు మాత్రం లేదు! అమ్మేవాడి పటంలో చెరువు ఉండదు. ఇరవై ఏళ్ల క్రిందటి పటంలో ఉంటుంది.

వాన తరువాత రెండవ దెబ్బ వచ్చినది. 2024 జూలైలో హైడ్రా అనే సంస్థ ఏర్పడి చెరువుల హద్దులలోని కట్టడాలను తొలగించసాగినది. అదే సంవత్సరం మూసీ నది గర్భంలో ఉన్న ఇళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేసినారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ వాసులను అక్కడి నుండి కదిలించి వేరే చోట డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చినారు. ఇది న్యాయమా అన్యాయమా అనే వాదన ఇక్కడ మా పని కాదు. ఆ వాదనలు కోర్టులలో, సభలలో నడిచినవి. అయితే ప్రతిచోటా ఇరుపక్షాల వారూ చేతిలో పట్టుకున్నది ఏమిటి? పాత నక్షా! అంబర్‌పేటలో బతుకమ్మ కుంట పూర్తిగా పూడిపోయి, అక్కడ కుంటే లేదన్న వాదన కూడా వచ్చినది. పాత రికార్డులు తీసి, తవ్వి, 2025లో మళ్లీ నీళ్లు నింపినారు. చెరువు చచ్చిపోయినా కాగితంలో బ్రతికి ఉంటుంది. ఆ కాగితం ఎదుటివాడి దగ్గర ఉండి మన దగ్గర లేకపోతే నష్టం మనదే.

రెవిన్యూ కాగితాలలో ‘శిఖం’ అనే మాట మీరు వినే ఉంటారు. శిఖం భూమి అంటే చెరువు లోపలి భూమి. ఈ మాట మన ఉర్దూ, ఫార్సీ మాటే. షికమ్ అంటే కడుపు. చెరువు కడుపులోని నేల అన్నమాట. ఎండకాలంలో నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకుంటారు, వానకాలంలో చెరువుకు వదలిపెడతారు. ఈ ఒక్క మాట అర్థం తెలిసినవాడు కడుపులో ఇల్లు కట్టడు. నిజాం కాలపు సేత్వార్, ముంతఖబ్ వంటి కాగితాలు ఉర్దూలో ఉన్నవి. వాటి మీద తేదీలు ఫస్లీలో ఉంటాయి. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1322 ఫస్లీ అంటే 1912-13, మన్ పటాలు తయారవుతున్న కాలం. ఇవి చదవగలిగినవారు నేడు తగ్గిపోతున్నారు. ఉర్దూ చదివితే ఏం లాభం అని అడిగే తల్లిదండ్రులకు మేము ఈ సంగతి కూడా చెప్తున్నాము. పిల్లవాడు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ చదివి, దానితోపాటు నక్షా కూడా చదివితే మొహల్లా మొత్తానికి పనికి వస్తాడు. ఖబరస్తాన్ హద్దు తగాదా వచ్చినా, బడి స్థలం తగాదా వచ్చినా నోరు పెద్దది చేసే వారికంటే కాగితం చదివే ఒక్కడు ఎక్కువ.

అయితే జాగ్రత్తలు కూడా చెప్పవలె. ఒకటి, రోడ్ల పటం హక్కు పత్రం కాదు. చెరువు ఉండేదని అది చూపగలదు. భూమి ఎవరిదో తేల్చలేదు. దానికి సర్వే నంబరు, పహాణీ, రిజిస్ట్రీ చూడవలె. రెండు, పటం మీద అచ్చయిన సంవత్సరం ఒకటి, కొలత తీసిన సంవత్సరం ఒకటి. కొన్నిసార్లు పాత కొలతకే కొత్త అట్ట వేసి అమ్ముతారు. అందుచేత మూలన చిన్న అక్షరాలలో ఉన్నది ముందు చదవండి. మూడు, చుక్కల గీత రోడ్డు కాదు, రోడ్డు వేద్దామన్న ఆశ మాత్రమే. దానిని చూపి ధర పెంచేవాళ్లు ఉన్నారు. నాలుగు, ఎండకాలంలో కొలిచిన చెరువు చిన్నదిగా ఉంటుంది. చట్టం చూసేది నిండు నీటిమట్టం. ఆ మట్టం గీత దాటి కూడా, పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని 2012 నాటి నిర్మాణ నిబంధనలు చెప్పినవి. ఐదు, ఒక్క పటాన్ని నమ్మకండి. సాక్షులు ఇద్దరుంటే మాట గట్టి అంటారు కదా, పటాలకూ అంతే.

ఇవి ఎక్కడ దొరుకుతాయి అంటారా? 2017 నుండి సర్వే ఆఫ్ ఇండియా వారు చాలా పటాలను ఇంటర్నెట్టులో ఉచితంగా ఇస్తున్నారు. హైదరాబాదు ప్రాంతము వారి పాత పటాలలో 56 కె అనే గుర్తు క్రింద వస్తుంది. చెరువుల నిండు నీటిమట్టం చూపే పటాలను హెచ్.ఎం.డి.ఏ. వారు ప్రజలకు చూపినారు. మిగిలినవి మీ ఇళ్లలోనే ఉన్నవి. పాత డైరీ వెనుక, తాతగారి పెట్టెలో, రేడియో మీది గుడ్డ క్రింద. ఆదివారం చార్మినారు చుట్టుపక్కల, అబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలతో కలిపి తూకానికి పోతున్నవి కొన్ని.

అందుచేత సంస్థవారికి మా మనవి మూడు మాటలలో.

మొదటిది, సంస్థ ఆఫీసులో ఒక అల్మారా నక్షాల కోసం కేటాయించండి. సభ్యులు తమ ఇంట్లోని పాత పటం, పాత లేఅవుటు, పాత బస్సు రూట్ల పటం ఏదైనా సరే తెచ్చి ఇవ్వండి. ఇవ్వడం ఇష్టం లేకుంటే ఫోటో తీయించి తిరిగి తీసుకుపొండి. చిరిగిన మడతలకు ప్లాస్టిక్ టేపు వేయకండి, అది పచ్చబడి కాగితాన్ని తినేస్తుంది. మడత విప్పి, చదునుగా, తడి తగలని చోట పెట్టండి. వెనుక పెన్సిలుతో ఎవరిచ్చినారో, ఏ సంవత్సరందో వ్రాయండి.

రెండవది, ప్లాటు కొనాలనుకునే మన వాళ్లు బయానా ఇవ్వకముందు ఒక్కసారి ఈ అల్మారా దగ్గరికి రావలెను. పాత పటం ఒకటి, చెరువుల పటం ఒకటి, నేటి పటం ఒకటి, మూడూ పక్కన పెట్టి చూడటానికి అరగంట పడుతుంది. దీనికి వకీలు ఫీజు లేదు. మా ఉపాధ్యాయులము వారానికి ఒక సాయంత్రం వచ్చి కూర్చుంటాము. ఆ అరగంటలో ఒక్క కుటుంబం ఇరవై ఏళ్ల కష్టార్జితం మిగిలినా మా ప్రయత్నం నెరవేరినట్టే.

మూడవది, సెలవులలో పిల్లలతో మన మొహల్లా పటం గీయిద్దాం. గల్లీలు, నాలా, పాత బావులు, కరెంటు స్తంభాలు, మురుగు పొంగే చోట్లు, వాన నీళ్లు నిలిచే చోట్లు, ఎంత ఎత్తున నిలిచినవో ఇంటివాళ్లను అడిగి అదీ. దాని మీద తేదీ వేసి ఒక కాపీ వార్డు ఆఫీసుకు ఇచ్చి, ఒకటి అల్మారాలో పెడదాం. ఐదేళ్లకు ఒకసారి మళ్లీ గీయిద్దాం. ముప్పై ఏళ్ల తరువాత ఎవరో ఒక బిడ్డ ఇల్లు కట్టుకోబోతూ ఆ కాగితం విప్పి చూస్తే, నీళ్లు ఎక్కడికి వస్తాయో తెలుసుకుంటాడు. మన్ దొరగారి మనుషులు గొలుసులు పట్టుకుని కొలిచినది కూడా అటువంటి పనే. ఆ పని చేసినవారి పేర్లు మనకు తెలియవు. ఫలితం మాత్రం నూరేళ్లు దాటినా పనికి వస్తున్నది.

పట్నం ఇంకా పెరుగుతుంది. ఆపడం మన చేతిలో లేదు, ఆపవలసిన పనీ లేదు. మన పిల్లలకు ఇళ్లు కావాలి, రోడ్లు కావాలి, కొలువులు కావాలి. పెరిగే పట్నంలో ఎక్కడ నిలబడాలో చూసి నిలబడటం మాత్రం మన చేతిలో ఉన్నది. చూడటానికి కాగితం ఉన్నది, చదవటానికి చదువు ఉన్నది. ఈ రెండింటిని కలపండి అని మాత్రమే మా కోరిక.

అల్మారాకు తొలి కానుకగా మా బడి తరఫున రెండు పాత నగర పటాలు, మా ఏడవ తరగతి పిల్లలు గీసిన ముప్పైరెండు దారి పటాలు కార్యదర్శిగారికి ఈ సభలో అందజేస్తున్నాము.